ఆ గోలీ ఎందుకో రోగికి తెలియాలి



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుండి మన ఆసుపత్రికి వచ్చేవారిలో థైరాయిడ్ క్యాన్సర్‌కు హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకున్నవారు కూడా ఉంటారు. వారు బి.పి. చూపించుకోవడానికో, జ్వరానికో, మోకాళ్ల నొప్పులకో వస్తారు. ఏయే మందులు వాడుతున్నారని మేము అడిగితే అన్నీ చెప్పి, చివరకు "ఇంకోటి థైరాయిడ్ గోలీ ఉన్నది సిస్టర్, యాదికొచ్చినప్పుడు ఏసుకుంట" అంటారు. మెడ మీద ఆపరేషన్ గీత కనబడుతూనే ఉంటుంది. ఆ గోలీ మాత్రం వారి లెక్కలో అన్నిటికంటే చిన్న మందు.

నిజానికి అది చిన్న మందు కాదు. పెద్ద ఆపరేషన్, రేడియో అయోడిన్ వైద్యం తర్వాత జబ్బు తిరగబెట్టకుండా కాపలా కాసేది ఆ గోలీయే. వైద్యులు దీన్ని హార్మోన్ చికిత్స అంటారు. మరి రోగులు దీన్ని ఎందుకు తేలికగా తీసుకుంటున్నారు? బద్ధకం వల్ల అని కొందరు అంటారు. మేము అలా అనుకోవడం లేదు. ఆ గోలీ ఎందుకో వారికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. చాలా ఇళ్లలో అసలు జబ్బు పేరే చెప్పలేదు. ఈ దాపరికం మానుకోవాలన్నదే ఈ వ్యాసంలో మా విన్నపం.

థైరాయిడ్ గ్రంథి ఏం చేస్తుంది?

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. మనం తినే ఉప్పులోని అయోడిన్‌ను తీసుకొని థైరాక్సిన్ అనే హార్మోన్‌ను తయారు చేస్తుంది. గుండె కొట్టుకోవడం, ఒంట్లో వేడి, తిన్నది అరగడం, ఎముకల బలం, మనసు చురుకుదనం, ఆడవారికి నెలసరి, గర్భంలో బిడ్డ ఎదుగుదల, వీటన్నిటికీ ఈ హార్మోన్ కావాలి.

ఈ గ్రంథికి పైఅధికారి ఒకరున్నారు. మెదడు కింద బఠానీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. రక్తంలో థైరాక్సిన్ తగ్గినప్పుడు అది టి.ఎస్.హెచ్. అనే మరో హార్మోన్‌ను విడుదల చేసి, ఇంకా పని చేయమని థైరాయిడ్‌కు ఆజ్ఞ ఇస్తుంది. థైరాక్సిన్ సరిపోయినప్పుడు టి.ఎస్.హెచ్.ను తగ్గించుకుంటుంది. థైరాక్సిన్ తగ్గితే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది, థైరాక్సిన్ పెరిగితే టి.ఎస్.హెచ్. తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

కలుపుకు యూరియా వేస్తామా?

థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాపిల్లరీ రకం. దాని తర్వాత ఫాలిక్యులార్ రకం. ఈ రెండు రకాల క్యాన్సర్ కణాలు థైరాయిడ్ కణాల నుండే పుడతాయి, వాటి గుణాలను కొంతవరకు నిలుపుకుంటాయి. అంటే టి.ఎస్.హెచ్. ఇచ్చే ఆజ్ఞ వీటికి కూడా వినబడుతుంది. ఆ ఆజ్ఞ అందితే అవి పెరుగుతాయి.

మన రైతులకు ఇది సులభంగా తెలుస్తుంది. పొలంలో యూరియా చల్లితే వరితోపాటు కలుపు కూడా ఏపుగా పెరుగుతుంది. పంట కోసేశాం, నేలలో ఎక్కడో కలుపు విత్తనాలు మిగిలి ఉండవచ్చు. అప్పుడు ఆ మడిలో ఎవరైనా యూరియా చల్లుతారా? ఆపరేషన్‌లో థైరాయిడ్ గ్రంథిని మొత్తం తీసివేసిన తర్వాత కంటికి కనబడని కొన్ని కణాలు మెడలోనో, మరోచోటనో మిగిలి ఉండవచ్చు. గోలీ వేసుకోకపోతే రక్తంలో థైరాక్సిన్ తగ్గిపోతుంది, టి.ఎస్.హెచ్. విపరీతంగా పెరుగుతుంది. అది మిగిలిన కణాలకు యూరియా వేసినట్టే. రోజూ గోలీ వేసుకుంటే ఆ యూరియా ఆగిపోతుంది.

కాబట్టి ఈ గోలీ రెండు పనులు చేస్తుంది. మొదటిది, తీసివేసిన గ్రంథి ఇవ్వవలసిన హార్మోన్‌ను శరీరానికి ఇస్తుంది. రెండవది, టి.ఎస్.హెచ్.ను అదుపులో పెట్టి క్యాన్సర్ తిరిగి రాకుండా చూస్తుంది. పక్కింటి అక్క వేసుకునే థైరాయిడ్ గోలీ, మీరు వేసుకునే గోలీ ఒకే సీసాలోవి కావచ్చు. కాని ఆమెకు మొదటి పని చాలు. మీకు రెండు పనులూ కావాలి. అందుకే ఆమె మోతాదు చూసి మీ మోతాదు మార్చుకోకూడదు.

మెడుల్లరీ అనే మరో రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంది. అది వేరే కణాల నుండి పుడుతుంది, టి.ఎస్.హెచ్. మాట వినదు. అటువంటివారికి ఈ గోలీ హార్మోన్ లోటు తీర్చడానికే. గ్రంథిలో సగం మాత్రమే తీసిన కొందరికి గోలీ అవసరం పడకపోవచ్చు కూడా. మీది ఏ రకమో, ఎంత తీశారో మీ ఫైలులో ఉంటుంది. అది మీకు తెలిసి ఉండాలి.

ఈ వైద్యం ఎప్పటిది?

కొందరు ఇది కొత్తగా వచ్చిన మందు, దీన్ని ఎంత నమ్మవచ్చు అని అడుగుతారు. ఇది నూరేళ్లకు పైబడిన కథ. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథి నుండి తీసిన రసాన్ని, ఆ హార్మోన్ లోపంతో బాధపడుతున్న ఒక స్త్రీకి సూది ద్వారా ఇచ్చాడు. ఆమె ఆ తర్వాత 28 సంవత్సరాలు జీవించింది. 1914 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ అనే శాస్త్రవేత్త థైరాక్సిన్‌ను స్ఫటికాల రూపంలో వేరుచేశాడు. సరిగ్గా పదేళ్ల తర్వాత, 1924 డిసెంబరు 25న, మన మెదక్ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. పండుగ రోజున కెండాల్ చేతికి వచ్చిన ఆ మందు నేడు మన పల్లెల్లో కూడా దొరుకుతోంది.

1937లో లండన్‌లోని థామస్ డన్‌హిల్ అనే శస్త్రవైద్యుడు, థైరాయిడ్ క్యాన్సర్ కొందరిలో ఈ హార్మోన్ ఇస్తే అణగుతుందని తెలియజేశాడు. 1940ల్లో రేడియో అయోడిన్ వైద్యం వచ్చింది. అప్పటి నుండి ఆపరేషన్, అవసరమైనవారికి రేడియో అయోడిన్, ఆపైన హార్మోన్ గోలీ అనే మూడంచెల పద్ధతి నిలబడింది. నేడు ఈ మందు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, మన దేశపు జాబితాలోనూ ఉంది. రోజుకు ఒక గోలీ ఖర్చు హోటల్‌లో తాగే ఒక చాయ్ ఖర్చు కూడా కాదు.

రిపోర్టు మీద గుర్తు చూసి భయపడవద్దు

టి.ఎస్.హెచ్. మామూలుగా 0.4 నుండి 4 వరకు ఉంటుంది. ల్యాబును బట్టి కొంచెం తేడా ఉండవచ్చు. కాని థైరాయిడ్ క్యాన్సర్ రోగికి ఈ లెక్క వర్తించదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, జబ్బు ఇంకా శరీరంలో మిగిలి ఉన్నవారికి టి.ఎస్.హెచ్. 0.1 కంటే తక్కువగా ఉంచాలి. స్కానింగులో ఏమీ కనబడక, రక్త పరీక్షలో మాత్రమే అనుమానం మిగిలినవారికి 0.1 నుండి 0.5 వరకు ఉంచాలి. చికిత్సకు పూర్తిగా లొంగి, తిరగబెట్టే ప్రమాదం తక్కువగా ఉన్నవారికి 0.5 నుండి 2 వరకు ఉంటే చాలు.

ఇక్కడే మన ప్రాంతంలో చిక్కు వస్తోంది. రోగి దగ్గరలోని ల్యాబులో రక్తం ఇస్తుంది. రిపోర్టులో 0.08 అని వచ్చి, పక్కన తక్కువ అని గుర్తు పడుతుంది. ఆమె పాత ఫైలు చూడనివారు ఎవరో "నీకు థైరాయిడ్ ఎక్కువైంది, గోలీ సగం చేసుకో" అంటారు. చెప్పినవారికి చెడు ఉద్దేశం ఉండదు. మామూలు థైరాయిడ్ రోగికి అయితే ఆ సలహా సరిగానే ఉండేది. కాని ఈమెకు హైదరాబాదు వైద్యులు కావాలనే టి.ఎస్.హెచ్.ను అంత తక్కువలో పెట్టి ఉండవచ్చు. తన అంకె ఎంత ఉండాలో ఆమెకే తెలిసి ఉంటే "నాకు ఇట్లనే ఉండాలని చెప్పిండ్రు, ఫైలు చూడుండ్రి" అని చెప్పగలిగేది.

రెండో వైపు కూడా చెప్పాలి. టి.ఎస్.హెచ్.ను అవసరానికి మించి, సంవత్సరాల తరబడి తక్కువలో ఉంచడం కూడా మంచిది కాదు. గుండె దడ, గుండె లయ తప్పడం, నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం వంటివి రావచ్చు. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉంది. అందుకే వైద్యులు ఈ మధ్య కాలంలో ఎవరికి అవసరమో వారికే గట్టిగా తగ్గించి, జబ్బు నయమైనవారికి మోతాదును సడలిస్తున్నారు. ఆపరేషన్ అయిన ఏడు రాసిచ్చిన మోతాదునే పదేళ్లు మళ్లీ చూపించుకోకుండా వేసుకోవడం, గోలీ మానేయడం, రెండూ పొరపాట్లే. అంకె ఎంత ఉండాలన్నది మారుతూ ఉంటుంది. దాన్ని మార్చే అధికారం మీ క్యాన్సర్ వైద్యులకు, ఎండోక్రైనాలజిస్టుకు మాత్రమే ఉండాలి.

"అమ్మకు చెప్పకుండ్రి సిస్టర్"

ఈ మాట మేము ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. కొడుకు గది బయటకు వచ్చి తలుపు దగ్గరగా వేసి, "గడ్డ తీసిండ్రు అని మాత్రమే చెప్పినం. క్యాన్సర్ అని తెలిస్తే అమ్మ గుండె ఆగిపోతది" అంటాడు. ఆ కొడుకు ప్రేమను మేము తప్పు పట్టడం లేదు. కాని ప్రేమతో చేసిన ఈ పని వల్ల ఏం జరుగుతుందో చూడండి.

జబ్బు సంగతి తెలిసింది ఇద్దరికి, కొడుకుకు, బీరువాలో ఉన్న ఫైలుకు. ఆరు నెలల తర్వాత కొడుకు దుబాయికో, మస్కట్‌కో వెళ్లిపోతాడు. మన ప్రాంతంలో ఎన్ని ఇళ్ల నుండి మగవారు గల్ఫ్‌కు వెళ్లారో మీకు తెలుసు. ఫైలు బీరువాలోనే ఉండిపోతుంది. అమ్మకు తెలిసిందల్లా గడ్డ ఉండింది, తీసేశారు, మంచిగైంది. మంచిగైన తర్వాత ఇంకా గోలీ ఎందుకు అని ఆమె అనుకోవడంలో తప్పేముంది? ఈ వైద్యం ఆసుపత్రిలో మేము ఇచ్చే సూది వంటిది కాదు. ముప్ఫై ఏళ్లయినా ప్రతిరోజూ ఆమె చేతితో ఆమే వేసుకోవలసింది. అటువంటి మందు ఎందుకో ఆమెకే తెలియకపోతే ఆ చికిత్స ఎన్ని రోజులు నిలుస్తుంది?

పైగా రోగికి తెలియదని మనం అనుకుంటాం, అంతే. 1955 నుండి వేలాది మందికి వైద్యం చేస్తున్న హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో ఒక పూట కూర్చున్నవారికి తాము ఎందుకు వచ్చారో తెలియకుండా ఉంటుందా? తెలిసి కూడా పిల్లలు బాధపడతారని అమ్మ అడగదు. అమ్మ బాధపడుతుందని పిల్లలు చెప్పరు. ఒకే ఇంట్లో అందరూ ఒంటరిగా భయపడుతూ ఉంటారు.

చెప్పడానికి భయపడనవసరం లేని క్యాన్సర్ ఏదైనా ఉంటే ఇదే. పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్‌కు సరైన వైద్యం చేయించుకున్నవారిలో నూటికి 90 మందికి పైగా పదేళ్ల తర్వాత కూడా జీవించి ఉంటున్నారు. "క్యాన్సర్" అన్న మాటతోపాటు ఈ మాట కూడా చెప్పండి. చెప్పే బాధ్యత ఒక్కరే మోయనవసరం లేదు. వైద్యుని ముందు, ఇంట్లో ఒకరు పక్కన కూర్చొని ఉండగా, మన మాటల్లో, నెమ్మదిగా చెప్పాలి. ముందుగా "నీ జబ్బు గురించి నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందమ్మా?" అని అడగాలి. వివరాలన్నీ వద్దు అనేవారు కొందరుంటారు. వారికి కూడా ఒక్క సంగతి చెప్పి తీరాలి. ఈ గోలీ ఆపితే జబ్బు తిరిగి రావచ్చు.

పెళ్లి కావలసిన అమ్మాయిల సంగతి ఇంకా కష్టం. థైరాయిడ్ క్యాన్సర్ మగవారికంటే ఆడవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. చిన్న వయసులో కూడా వస్తుంది. సంబంధం తప్పిపోతుందని తల్లిదండ్రులు దాచిపెడతారు. అత్తగారింట్లో అందరి ముందు రోజూ పొద్దున గోలీ వేసుకుంటే ప్రశ్నలు వస్తాయని ఆ అమ్మాయి మానేస్తుంది. తర్వాత గర్భం వస్తుంది. గర్భంలో ఉన్నప్పుడు ఈ హార్మోన్ అవసరం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. అప్పుడు గోలీ లేకపోతే తల్లికీ ప్రమాదం, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకూ ప్రమాదం. గోలీ వల్ల బిడ్డకు ఏ హానీ లేదు. గర్భం అని తెలియగానే వైద్యుని దగ్గరకు వెళ్లి మోతాదు పెంచుకోవాలి. నిజం చెప్తే తప్పిపోయే సంబంధం నిలబడే సంబంధం కాదని మా అభిప్రాయం. ఈ విషయంలో పెళ్లిళ్లు కుదిర్చే పెద్దలు, పాస్టర్లు అమ్మాయి పక్షాన ధైర్యంగా నిలబడాలి.

జబ్బు పేరు దాచడం వల్ల వచ్చే నష్టం మన ప్రాంతానికి కొత్త పాఠం కాదు. కామారెడ్డి నుండి నిజామాబాదు వెళ్లే దారిలో ఉన్న డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి ప్రారంభించారు. ఆ రోజుల్లో జబ్బు పేరు పైకి చెప్పడమే పెద్ద అవమానం. చికిత్స కూడా నూనె సూదులతో దీర్ఘకాలం సాగేది. దాచుకున్నవారు జబ్బు ముదిరి వేళ్లు పోగొట్టుకున్నారు. కుష్ఠుకైనా, క్షయకైనా మేము ఎప్పుడూ చెప్పేది ఒకటే. జబ్బు లక్షణం పోయిందంటే మందు పని చేస్తోందని అర్థం, మందు అవసరం తీరిందని కాదు.

"మానేసినా ఏమీ కాలేదే?"

ఈ గోలీ విషయంలో ఒక మోసం ఉంది. థైరాక్సిన్ రక్తంలో మెల్లగా తగ్గుతుంది. సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కాబట్టి మానేసిన మరునాడు ఏమీ కాదు. వారానికి కూడా ఏమీ తెలియదు. "చూశారా, లేకుండానే మంచిగున్న" అని రోగి ధైర్యం తెచ్చుకుంటుంది. నెల దాటేసరికి అలసట, ఒళ్లు బరువు, మలబద్ధకం, చలి, ముఖం ఉబ్బడం, మతిమరుపు మొదలవుతాయి. వాటిని వయసు మీద తోసేస్తారు. లోపల టి.ఎస్.హెచ్. మాత్రం పెరిగిపోతూ ఉంటుంది. అది పెరిగినట్టు ఏ నొప్పీ చెప్పదు, రక్త పరీక్షే చెప్పాలి.

ఇదే కారణం వల్ల ఒక్కరోజు మరచిపోతే కంగారు పడనవసరం లేదు. మరచిపోవడం అలవాటు అయితేనే ప్రమాదం. అలాగే మోతాదు మార్చిన తర్వాత 6 నుండి 8 వారాలు గడిస్తేనే పరీక్షలో సరైన అంకె వస్తుంది. పది రోజులకే పరీక్ష చేయించి డబ్బులు పోగొట్టుకోవద్దు.

ప్రార్థన, ఉపవాసం, గోలీ

సంఘ కుటుంబాలతో మనసు విప్పి ఒక మాట చెప్పాలి. స్వస్థత పొందామని సాక్ష్యం చెప్పడానికి గుర్తుగా కొందరు గోలీలు మానేస్తున్నారు. వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు భావిస్తున్నారు. మేము కూడా ప్రతి ఉదయం వార్డులో ప్రార్థన చేసి పని మొదలుపెట్టేవాళ్లమే. దేవుడు స్వస్థపరుస్తాడని నమ్మకపోతే మిషన్ ఆసుపత్రి అనేదే ఉండదు. కాని హిజ్కియా రాజు కథ గుర్తు చేసుకోండి. రాజు ప్రార్థన విన్నానని, బాగవుతావని దేవుని మాట వచ్చిన తర్వాత కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయమన్నాడు. వాగ్దానం, వైద్యం రెండూ కలిసే వచ్చాయి. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే. తీసివేసిన గ్రంథికి బదులుగా దొరికిన హార్మోన్‌ను రోజూ కృతజ్ఞతతో వేసుకోవడం అవిశ్వాసం ఎలా అవుతుంది? పాస్టర్లు ఈ మాట పుల్పిట్ మీద నుండి ఒక్కసారి చెప్తే, మేము నూరుసార్లు చెప్పిన దానికంటే ఎక్కువ పని చేస్తుంది.

శ్రమకాల ఉపవాసాల్లో గోలీ మానవద్దు. ఈ మందుకు ఖాళీ కడుపే కావాలి. గుక్కెడు నీళ్లతో వేసుకొని ఉపవాసం ఉండవచ్చు. రంజాన్ నెలలో రోజా ఉండే మన ముస్లిం సహోదరీలు రాత్రి పడుకునే ముందు కాని, సహరీకి ముందు కాని వేసుకునే విధానాన్ని వైద్యుని అడిగి పాటించవచ్చు.

వైద్యులు ఆపమంటేనే ఆపాలి

ఒక సందర్భంలో మాత్రం వైద్యులే గోలీ ఆపమంటారు. రేడియో అయోడిన్ ఇచ్చే ముందు టి.ఎస్.హెచ్. బాగా పెరగాలి. అప్పుడే మిగిలిన కణాలు అయోడిన్‌ను పీల్చుకుంటాయి. అందుకోసం మూడు, నాలుగు వారాలు గోలీ ఆపుతారు. అయోడిన్ లేని ఉప్పు వాడమని, సముద్రపు చేపలు తినవద్దని కూడా చెప్తారు. కొన్నిచోట్ల గోలీ ఆపకుండా ఒక సూది ఇస్తారు, కాని దాని ఖరీదు ఎక్కువ. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రేడియో అయోడిన్ ఇవ్వరు. ఇక్కడ కొందరు పొరబడుతున్నారు. "పెద్దాసుపత్రిలో వాళ్లే ఆపమన్నారు" అని తర్వాత కూడా వేసుకోవడం మొదలుపెట్టరు. గోలీ ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో తేదీతో రాయించుకొని ఇంటికి రండి.

గోలీ వేసుకునే పద్ధతి

1. పొద్దున లేవగానే ఖాళీ కడుపుతో, మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుండి గంట వరకు చాయ్, కాఫీ, పాలు, టిఫిన్ వద్దు. గంట ఆగితే ఇంకా మంచిది.

2. పొద్దున వీలుపడనివారు రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు. ఏ వేళ అనుకుంటే రోజూ అదే వేళ పాటించాలి.

3. కాల్షియం గోలీకి, ఐరన్ గోలీకి, దీనికి మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఆపరేషన్ తర్వాత చాలామందికి కాల్షియం కూడా రాస్తారు. రెండూ కలిపి మింగితే హార్మోన్ ఒంటికి పట్టదు.

4. పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉంటే అది కాల్షియం తగ్గిన గుర్తు కావచ్చు. వెంటనే చూపించుకోండి.

5. సీసా మీద 25, 50, 100 అని ఉండే అంకెలు మైక్రోగ్రాములు. మందుల షాపులో కొనగానే ఆ అంకె సరిచూసుకోండి. చదవడం రానివారు పాత సీసా వెంట తీసుకెళ్లండి. వీలైనంతవరకు ఒకే కంపెనీ మందు వాడండి. కంపెనీ మారితే వైద్యునికి చెప్పండి.

6. ఎండాకాలం రేకుల ఇళ్లలో కిటికీ దగ్గర, పొయ్యి దగ్గర సీసా పెట్టవద్దు. వేడికి, తేమకు మందు బలం తగ్గుతుంది.

7. పరీక్ష రోజున రక్తం ఇచ్చిన తర్వాత గోలీ వేసుకోండి. జుట్టుకు, గోళ్లకు బయోటిన్ విటమిన్ వాడుతుంటే ముందుగానే చెప్పండి. దానివల్ల రిపోర్టు తప్పుగా రావచ్చు.

8. గల్ఫ్‌కు వెళ్లేవారు వైద్యుని చీటీతోపాటు సరిపడా గోలీలు తీసుకెళ్లండి.

9. టి.ఎస్.హెచ్.తోపాటు థైరోగ్లోబులిన్ పరీక్ష, మెడ స్కానింగ్ చెప్పిన గడువుకు చేయించండి. ఈ జబ్బు చాలా ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. టి.ఎస్.హెచ్. పరీక్షకు ప్రతిసారీ హైదరాబాదు వెళ్లనవసరం లేదు. కామారెడ్డిలో చేయించుకొని రిపోర్టు పంపవచ్చా అని మీ వైద్యుని అడగండి.

మేము కోరేది

థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన ప్రతి రోగికీ డిశ్చార్జి రోజున తెలుగులో ఒక చిన్న కార్డు ఇవ్వాలని మా అభిప్రాయం. అందులో నాలుగు సంగతులు చాలు. జబ్బు రకం ఏది, గోలీ మోతాదు ఎంత, టి.ఎస్.హెచ్. ఎంతలో ఉండాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. ఇంగ్లీషులో పది పేజీల ఫైలు ఉన్నా, ఎల్లారెడ్డి బస్టాండులో దిగిన తర్వాత దాన్ని చదివి చెప్పేవారు ఎంతమంది ఉంటారు? కార్డు రాసి ఇవ్వడానికి నర్సుకు ఐదు నిమిషాలు పడుతుంది. మీకు అటువంటి కార్డు లేకపోతే మీరే అడగండి. అడగడం రోగి హక్కు. ఫైలు తీసుకొని మన ఆసుపత్రికి వస్తే చదివి, తెలుగులో రాసి ఇవ్వడానికి మా నర్సులు సిద్ధంగా ఉన్నారు.

ఆపరేషన్ ఖర్చు గురించి భయపడి ఆలస్యం చేయవద్దు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద మీ చికిత్సకు ఏది వర్తిస్తుందో పెద్దాసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. మెడలో గడ్డ కనబడినా, గొంతు బొంగురు పోయి తగ్గకపోయినా, మింగడం కష్టమైనా ముందుగా చూపించుకోండి. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు, చాలావరకు కావు. కాని పరీక్ష చేయించకుండా అది మనకు తెలియదు.

ఇంట్లో ఇటువంటి రోగి ఉంటే ఈ వారమే బీరువా నుండి ఫైలు తీయండి. తల్లి పక్కన కూర్చోండి. ఆ గోలీ ఎందుకో ఆమెకు చెప్పండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, చేయి పట్టుకొని కలిసి ప్రార్థించండి. మరునాడు పొద్దున గోలీ, గ్లాసులో నీళ్లు ఆమే తెచ్చుకుంటుంది. అడగవలసిన ప్రశ్నలుంటే ఇద్దరూ కలిసి మా దగ్గరకు రండి.

పరమ వైద్యుడైన ప్రభువు మీ కుటుంబాలను చల్లగా కాపాడును గాక.

నర్సింగ్ విభాగం తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్